మన లెక్కల పుస్తకం ఫోనులోకి వచ్చిన కథ



పొదుపు ఎంత, అప్పులెన్ని, వసూలెంత అని ప్రతి ఏటా ఈ నివేదికలో లెక్కలు ఇస్తున్నాం. ఈసారి ఆ లెక్కలు రాసే పద్ధతి గురించి కూడా రాసిపెట్టాలని కార్యవర్గం అనుకుంది. ఎందుకంటే ఆ పద్ధతి మన కళ్ల ముందే మారిపోయింది. అట్ట పుస్తకంలో పెన్నుతో గీతలు గీసుకుని రాసినవాళ్లం, ఇప్పుడు ఫోనులో వేలితో నొక్కుతున్నాం. కొత్తగా చేరిన చెల్లెళ్లకు ఆ పాత పుస్తకాలు తెలియవు. పాత అక్కల్లో కొందరికి ఫోనులో లెక్క అంటే ఇప్పటికీ బెరుకే. ఇద్దరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాం.

రోజుకో రూపాయి, ఒక రేకు పెట్టె

పొదుపు సంఘాల కథ ముందు పల్లెల్లో మొదలైంది. 1982లో డ్వాక్రా పథకం వచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారా మీద పోయే డబ్బు ఇంట్లో మిగలాలన్న పట్టుదలతోనే చాలా ఊళ్లలో రోజుకో రూపాయి పొదుపు ఊపందుకుంది. 1992లో నాబార్డు దేశం మొత్తం మీద 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ ప్రయోగం మొదలుపెట్టింది. తాకట్టు లేకుండా ఆడవాళ్ల సంఘానికి బ్యాంకు అప్పు ఇవ్వొచ్చని అక్కడ తేలింది.

మన పట్నానిది ఇంకో దారి. హైదరాబాద్‌లో బస్తీల అభివృద్ధి కోసం అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగం 1967లోనే మొదలైంది. 1997 డిసెంబర్‌లో స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజన వచ్చాక పట్టణ పేద మహిళల పొదుపు గ్రూపులకు ఒక ఆసరా దొరికింది. 2007లో మెప్మా ఏర్పడింది. అప్పటినుంచి గ్రూపులు కలిసి బస్తీ సమాఖ్య, బస్తీ సమాఖ్యలు కలిసి పట్టణ సమాఖ్య అనే మెట్లు మనకు అలవాటయ్యాయి.

ఆ రోజుల్లో గ్రూపు ఆస్తి అంటే ఒక రేకు పెట్టె. అందులో తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, పొదుపు-అప్పుల లెడ్జరు, సభ్యుల పాసు పుస్తకాలు. కొత్త పుస్తకం కొన్నరోజు పసుపు, కుంకుమ బొట్టు పెట్టి మొదటి పేజీ తెరిచేవాళ్లం. రాసేదెవరు? గ్రూపులో పదో తరగతి చదివినామె ఉంటే ఆమె. లేకపోతే ఎవరో ఒకరి బిడ్డ, స్కూలు నుంచి రాగానే పిలిపించుకుని రాయించేవాళ్లం.

రాసిన తర్వాత చదివి వినిపించాలి. ఇది ఎవరూ సర్క్యులర్ ఇచ్చి నేర్పింది కాదు. చదువు రాని వాళ్లు ఎక్కువ ఉన్న గ్రూపులో తనంతట తానే వచ్చిన పద్ధతి. "నీ పొదుపు ఇంత, నీ బాకీ ఇంత, ఈ నెల మిత్తి ఇంత" అని ఒక్కొక్కరి పేరు పిలిచి చదివేవాళ్లు. వేలిముద్ర వేసే అక్క కూడా తన అంకె మనసులో పెట్టుకునేది. ఒక్క రూపాయి తేడా వచ్చినా "ఆగు బిడ్డా, పోయిన నెల నేను కట్టిన గదా" అని అక్కడే అడిగేది. పుస్తకం చదవడం రానివాళ్లే పుస్తకాన్ని సరిచూసేవాళ్లు.

అంతమాత్రాన పాత పుస్తకాలు బంగారమని అనలేం. వానకాలంలో ఇంట్లోకి నీళ్లొచ్చి తడిసిన పుస్తకాలు ఉన్నాయి. రాసే అమ్మాయికి పెళ్లై పోతే మూడు నెలలు ఖాళీగా ఉన్న పేజీలు ఉన్నాయి. కొట్టివేతల మీద కొట్టివేతలు, ఎవరు ఎప్పుడు దిద్దారో తెలియని అంకెలు ఉన్నాయి. కొత్త అప్పు కోసం బ్యాంకుకు పోతే, పుస్తకాలు సరిగ్గా లేవని వెనక్కి పంపిన రోజులు మనలో చాలామందికి గుర్తే. పొదుపు పక్కాగా చేసి, కిస్తీ పక్కాగా కట్టి, రాతలో తప్పు వల్ల అప్పు ఆగిపోతే ఎంత బాధో పడినవాళ్లకు తెలుసు.

మన పక్కనే జరిగిన మార్పు

కాగితం నుంచి కంప్యూటర్‌కు మారడం మన చిలకలగూడకు కొత్త సంగతి కాదు. సికింద్రాబాద్ స్టేషన్ 1874 నుంచి ఉంది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికింద్రాబాద్ దానికి కేంద్రమైంది. చిలకలగూడ, మెట్టుగూడ, సీతాఫల్‌మండి ఇళ్లలో రైల్వే ఉద్యోగం చేసినవాళ్లు, రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లు ఎంతోమంది. మన ఇళ్ల పక్కనే ఒక పెద్ద సంస్థ తన పుస్తకాలను ఎట్ల మార్చుకుందో చూస్తే మన సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

పాత కాలంలో రిజర్వేషన్ అంటే రిజిస్టరు. ఒక్కో రైలుకు, ఒక్కో తారీకుకు వేరే పేజీలు. ఆ రిజిస్టరు ఏ గుమస్తా దగ్గరుంటే ఆ కిటికీ దగ్గరే నిలబడాలి. గంటసేపు లైన్లో నిలబడి కిటికీ దాకా పోయాక "ఈ రైలుకు ఇక్కడ కాదు, ఆ పక్క లైను" అంటే మళ్లీ మొదటికి. తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే అవతలి స్టేషన్‌కు తంతి కొట్టాలి, జవాబు కోసం చూడాలి. టికెట్ మందపాటి చిన్న అట్ట ముక్క.

కంప్యూటర్ రిజర్వేషన్ ముందు 1985లో ఢిల్లీలో మొదలైంది. తర్వాత ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలకు వచ్చింది. ఏ కిటికీలోనైనా ఏ రైలుకైనా టికెట్ దొరికింది. కానీ ఒక చిక్కు మిగిలింది. ఒక్కో కేంద్రం కంప్యూటర్ ఒక్కోటిగా ఉండేది. దాని కింద ఉన్న రైళ్ల లెక్క దానికే తెలుసు, పక్క కేంద్రం లెక్క తెలియదు. ఐదు కేంద్రాలనూ కలిపే 'కన్సర్ట్' అనే సాఫ్ట్‌వేర్‌ను రైల్వే వాళ్ల సంస్థ క్రిస్ తయారుచేసింది. అది 1994లో మొట్టమొదట పనిచేసింది మన సికింద్రాబాద్‌లోనే. 1999కల్లా ఐదు కేంద్రాలూ కలిశాయి. ఇక్కడ కూర్చుని ఢిల్లీ నుంచి పట్నాకు కూడా టికెట్ తీసుకునే రోజు వచ్చింది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. యంత్రం కొన్నంత మాత్రాన పని అయిపోలేదు. అన్ని కేంద్రాలూ ఒకే పద్ధతిలో లెక్క రాస్తేనే వాటిని కలపడం వీలైంది. ముందు పద్ధతి ఒకటి కావాలి, ఆ తర్వాతే యంత్రం. ఈ సంగతి మనకు మన పుస్తకాలు మార్చేటప్పుడు బాగా తెలిసొచ్చింది.

మన దాకా వచ్చింది

ఆ తర్వాత ఒక్కొక్కటిగా అన్నీ మారాయి. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2001లో ఈసేవ మొదలై, కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, ఇంటి పన్ను ఒకే చోట కట్టడం అలవాటైంది. బ్యాంకులో పాసు పుస్తకం మీద చేత్తో రాయడం పోయి, యంత్రంలో పెడితే అచ్చయి రావడం మొదలైంది.

సంఘాలకు వచ్చేసరికి వడ్డీ రాయితీ తోడైంది. 2004లో పావలా వడ్డీ, 2012 నుంచి వడ్డీ లేని రుణం. ఈ రెండింటికీ కిస్తీ వేళకు కట్టి ఉండాలి. మనం వేళకు కట్టామా లేదా అన్నది మన రేకు పెట్టెలోని పుస్తకం చెబితే చాలదు, బ్యాంకు కంప్యూటర్ చెప్పాలి. అంటే మన లెక్క రెండు చోట్ల ఉంది. ఆ రెండూ కలవకపోతే నష్టపోయేది మనమే.

2011లో స్త్రీనిధి వచ్చింది. సంఘాలు, ప్రభుత్వం కలిసి పెట్టుకున్న సహకార సంస్థ అది. అంతకు ముందు ఏడాదే సూక్ష్మ రుణ కంపెనీల వసూళ్ల బాధ భరించలేక ఎన్నో కుటుంబాలు చితికిపోయి, 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ గాయం మానకముందే వచ్చిన స్త్రీనిధి, అప్పు కోసం ఆఫీసుల చుట్టూ తిరగకుండా ఫోను ద్వారా అడగొచ్చని చెప్పింది. 48 గంటల్లో డబ్బు గ్రూపు ఖాతాలో పడాలన్నది దాని లక్ష్యం. ఆసుపత్రి ఖర్చుకో, పిల్ల ఫీజుకో వడ్డీ వ్యాపారి గడప తొక్కే అవసరం తగ్గింది. అయితే అంత వేగంగా అప్పు రావాలంటే ఎవరి బాకీ ఎంతో కంప్యూటర్‌లో ముందే సరిగ్గా ఉండాలి. 2015లో నాబార్డు జార్ఖండ్‌లోని రామ్‌గఢ్, మహారాష్ట్రలోని ధులే జిల్లాల్లో 'ఈశక్తి' పేరుతో సంఘాల లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలుపెట్టింది. ఇక ఇది అందరి దాకా వస్తుందని అప్పుడే అర్థమైంది.

మార్చేటప్పుడు ఏం జరిగింది

పుస్తకాలు ఫోనులోకి ఎక్కించడమంటే, ఉన్న అంకెలను చూసి కొట్టడమే అనుకున్నాం. మొదటి మీటింగులోనే అది తప్పని తేలింది. పది గ్రూపుల పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే పది రకాలు.

ఒక గ్రూపులో మీటింగు రోజు డబ్బు చేతికిచ్చిన తారీకే కట్టిన తారీకు. ఇంకో గ్రూపులో బ్యాంకులో జమ అయిన తారీకు. ఒకచోట నెల మధ్యలో అప్పు తీసుకుంటే సగం నెల మిత్తి, ఇంకోచోట పూర్తి నెల మిత్తి. మీటింగుకు రాకపోతే జరిమానా కొందరు పొదుపులో కలిపి రాస్తే, కొందరు వేరే పేజీలో రాశారు. ఎవరి పద్ధతి వాళ్లకు సరైనదే. ఒక గ్రూపు లోపల అది నడిచిపోయింది. ఫోను మాత్రం ఒకే ప్రశ్నకు పది జవాబులు తీసుకోదు.

అందుకే ఎక్కించడం ఆపి, ముందు పద్ధతి రాసుకున్నాం. ఏ తారీకు లెక్క, మిత్తి ఎప్పటినుంచి, జరిమానా ఎక్కడ, తప్పు దిద్దే అధికారం ఎవరికి అని ఒక్కొక్కటీ మీటింగులో పెట్టి, వాదించుకుని, తీర్మానం చేసుకున్నాం. కొన్ని మీటింగులు గొంతులు పోయేదాకా సాగాయి. ఇప్పుడు చూస్తే, ఫోను వల్ల మనకు కలిగిన మొదటి మేలు ఆ వాదనలే అనిపిస్తుంది. ఎన్నో ఏళ్లుగా అడగని ప్రశ్నలు అప్పుడు అడిగాం.

అయినా ఒక పెద్ద తప్పు జరిగింది. అది దాచకుండా ఇక్కడ రాస్తున్నాం.

ఒక గ్రూపులో ఒకే పేరున్నవాళ్లు ముగ్గురు. పాత పుస్తకంలో 'పూల బండి', 'ఇస్త్రీ బండి', 'రెండో వీధి' అని పక్కన రాసి ఉండేది. ఎవరూ ఎప్పుడూ తికమక పడలేదు. ఫోనులో అట్లాంటి గుర్తు రాసే గడి లేదు. ఆధార్‌లో ఉన్న పేరే కొట్టాలి. ఎక్కించిన మా కార్యకర్త అలసటలో ఇద్దరిని ఒకరుగా నొక్కింది. పూల బండి అక్క కట్టిన కిస్తీలు కొన్ని ఇస్త్రీ బండి అక్క పేరు మీద జమయ్యాయి. ఫోను తెర మీద చూస్తే పూల బండి అక్క కిస్తీ ఎగ్గొట్టిన మనిషి.

ఆమె చదువుకోలేదు. కానీ తన అంకె తనకు తెలుసు. "నేను కట్టిన. పూలమ్మిన పైసలు మూటగట్టి తెచ్చి ఈ చేతుల్తోనే ఇచ్చిన" అంది. మాలో కొందరం ఏమన్నామో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "ఫోనులో అట్ల లేదక్కా, ఫోను అబద్ధం చెప్తదా" అన్నాం. ఆమె ఆ మీటింగు నుంచి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లేచిపోయింది. తర్వాతి మీటింగుకు రాలేదు.

తప్పు దొరికింది పాత కాగితంలోనే. అదృష్టం బాగుండి ఆమె పాసు పుస్తకం పారేయలేదు. అందులో ప్రతి కిస్తీకి సంతకం ఉంది. దాన్ని ముందు పెట్టుకుని వరుసగా చూస్తే ఇద్దరి లెక్కా విడిపోయింది. కార్యవర్గం ఆమె ఇంటికి పోయి క్షమాపణ అడిగింది, మీటింగులో అందరి ముందు ఆ మాట మళ్లీ చెప్పింది. లెక్క దిద్దడానికి ఒక పూట పట్టింది. ఆమె మళ్లీ ముందులా నవ్వుతూ మీటింగుకు రావడానికి చాలా నెలలు పట్టింది.

ఇంగ్లండ్ పోస్టాఫీసుల్లో

ఇట్లాంటిది మనలాంటి బస్తీల్లోనే జరుగుతుందని ఎవరూ అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో ఇంతకన్నా ఘోరం జరిగింది.

అక్కడ ఊరి పోస్టాఫీసులు చాలావరకు చిన్న కిరాణా కొట్టు నడిపేవాళ్ల చేతుల్లో ఉంటాయి. 1999 నుంచి వాళ్ల చేతిరాత లెక్కలన్నీ 'హొరైజన్' అనే కంప్యూటర్ లెక్కలోకి మారాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పులున్నాయి. పెట్టెలో డబ్బు సరిగ్గానే ఉన్నా, తెర మీద తక్కువ పడిందని చూపేది. ఒప్పందం ప్రకారం తక్కువ పడిన డబ్బు పోస్టాఫీసు నడిపేవాళ్లే కట్టాలి.

జో హామిల్టన్ అనే ఆమె హాంప్‌షైర్‌లో ఒక ఊరి కొట్టు, పోస్టాఫీసు నడిపేది. రెండు వేల పౌండ్లు తక్కువ చూపిస్తుంటే సహాయ కేంద్రానికి ఫోను చేసింది. వాళ్లు చెప్పినట్టు నొక్కితే ఆమె కళ్ల ముందే అది రెట్టింపైంది. ఆ లోటు తీర్చడానికి ఇల్లు తాకట్టు పెట్టింది. చివరికి దొంగ లెక్కలు రాసిందని 2008లో కోర్టులో శిక్ష పడింది. ఇట్ల 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా దోషులుగా తేలారు. కొందరు జైలుకు పోయారు, కొందరు దివాలా తీశారు. సహాయం అడిగిన ఎంతోమందికి "ఈ ఇబ్బంది మీకొక్కరికే వచ్చింది" అనే జవాబే వచ్చింది. వేరు వేరు ఊళ్లలో ఉన్నవాళ్లు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

అలన్ బేట్స్ అనే పోస్టాఫీసు నడిపినాయన అట్లాంటివాళ్లందరినీ వెతికి ఒకచోట చేర్చాడు. 555 మంది కలిసి కోర్టుకు పోయారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను నమ్మడానికి వీల్లేదని 2019లో న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. 2021 ఏప్రిల్‌లో జో హామిల్టన్‌తో సహా 39 మంది శిక్షలు రద్దయ్యాయి. 2024లో అక్కడి పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి వందలమందిని నిర్దోషులుగా ప్రకటించింది. అప్పటికే కొందరు చనిపోయారు.

ఇది చదివినప్పుడు మాకు పూల బండి అక్కే గుర్తొచ్చింది. ఆమెకు పాసు పుస్తకం ఉంది, అడగడానికి మీటింగు ఉంది. అందుకే నెలల్లో తేలింది. అక్కడివాళ్లకు చేతిలో వేరే కాగితం లేదు, కూర్చుని మాట్లాడుకునే సంఘం లేదు. ఇరవై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మనం పాటిస్తున్నవి

ఆ అనుభవం తర్వాత మీటింగులో తీర్మానం చేసి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. కొత్త సభ్యుల కోసం మళ్లీ రాస్తున్నాం.

ఫోనులో ఎక్కించిన వెంటనే, మీటింగు లేవకముందే, ప్రతి సభ్యురాలి పేరు పిలిచి పొదుపు, బాకీ, ఈ నెల కట్టింది చదివి వినిపించాలి. పాత రోజుల్లో పుస్తకం చదివినట్టే ఫోనును చదవాలి. చదవకుండా లేచిన మీటింగును మీటింగుగా లెక్కపెట్టం.

పాసు పుస్తకం పారేయొద్దు. డబ్బు తీసుకున్నామె అందులో చేత్తో రాసి సంతకం చేయాలి. ఫోనుకు, పాసు పుస్తకానికి తేడా వస్తే, తేలేదాకా ఏ సభ్యురాలినీ బాకీదారు అనకూడదు.

ఎక్కించినామె ఒక్కతే దిద్దకూడదు. ఏది, ఎందుకు దిద్దామో తీర్మానాల పుస్తకంలో ఇద్దరి సంతకాలతో రాయాలి. ఒకే పేరున్నవాళ్లుంటే పాత గుర్తులు పాసు పుస్తకం మీద అట్లాగే ఉంచాలి.

పిన్ను, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, ఆర్పీ అక్కకైనా, కార్యవర్గానికైనా, సొంత కొడుక్కైనా.

నెలకోసారి బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చి మన లెక్కతో పోల్చి చూడాలి. వడ్డీ రాయితీ పోయేది ఎక్కువగా ఈ తేడాల వల్లే.

ఫోను వచ్చాక పని తగ్గిన మాట నిజం. నెలాఖరుకు రాత్రి పదకొండు దాకా కూడికలు వేసే బాధ పోయింది. తడిసిపోయే పుస్తకం లేదు, పెళ్లై పోయే పిల్ల కోసం ఆగే పని లేదు. అప్పు వేగంగా వస్తోంది. వీటిని వదులుకోమని ఎవరూ అనరు, మేమూ అనం.

అయితే లెక్క ఎక్కడ రాసినా అది మన డబ్బు. తెర మీద ఉన్నది అర్థం కాకపోతే "మళ్లీ చదువు బిడ్డా" అని అడగండి. అడిగినామెను ఎవరైనా విసుక్కుంటే ఆ మాట సమాఖ్యకు చెప్పండి. ఒకసారి మనం అట్ల విసుక్కుని, నిజం చెప్పిన ఒక అక్కను ఏడిపించాం. మళ్లీ అట్ల జరగనివ్వొద్దని ఈ ఏడాది సర్వసభ్య సమావేశంలో అందరం చేతులెత్తి ఒప్పుకున్నాం. చేతులెత్తిన వాళ్లలో మొదటి వరుసలో పూల బండి అక్క ఉంది.